పాత అల్యూమినియం పడవ కారుతోందా? మరమ్మతు, సీలింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు తెడ్లతో గానీ చిన్న ఔట్‌బోర్డ్ మోటారుతో గానీ నడిచే 3 నుంచి 6 మీటర్ల పొడవు పడవలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వీటిలో చాలా భాగం ఒకే నియమం చుట్టూ తిరుగుతుంది: కదులుతున్న అతుకును ముందు బిగించాలి, ఆ తరువాతే దానికి సీలెంట్ పూయాలి. ఈ వరుసను తలకిందులు చేసినందువల్లే చాలా పడవలు ఏటా మరమ్మతుకు వచ్చి, ఏటా మళ్లీ కారుతుంటాయి.

పడవ అడుగున నీళ్లు కనిపిస్తే అది కారుతున్నట్టేనా?

అన్నిసార్లూ కాదు. వాన నీరు, తెడ్ల నుంచీ తాళ్ల నుంచీ జారే నీరు, అంచు మీదుగా పడే అల, రాత్రి చలికి రేకు లోపలి వైపు పట్టే చెమ్మ అన్నీ చివరికి అడుగునే చేరతాయి. అందువల్ల లోపలంతా గుడ్డతో పొడిగా తుడిచి, పైన పట్టా కప్పి, పడవను నిశ్చలమైన నీటిలో ఖాళీగా కట్టి ఉంచి, కొన్ని గంటల తరువాత చూడండి. అప్పుడూ నీరు చేరితే నీటి గీతకు దిగువన ఎక్కడో దారి ఉన్నట్టే.

ఖాళీగా ఉన్నప్పుడు పొడిగా ఉండి మనుషులు ఎక్కాకే నీరు వస్తుంటే, బరువుకు పడవ దిగినప్పుడు మాత్రమే మునిగే ఎత్తులో బెజ్జం ఉందని అర్థం. వేగంగా నడిపినప్పుడు మాత్రమే వస్తుంటే అడుగు రేకు అలల తాకిడికి వంగుతూ, ఆ వంపులో వదులైన రివెట్లు (రేకులను కలిపి బిగించే, రెండు వైపులా తలలు ఉండే లోహపు మేకులు) నోరు తెరుస్తున్నాయని అనుమానించాలి. ఈ మూడు పరిస్థితులనూ విడివిడిగా గమనిస్తే వెతకవలసిన ప్రదేశం సగానికి సగం తగ్గిపోతుంది.

చిన్న బెజ్జం వల్ల నిజంగా ఎంత నీరు వస్తుంది?

అనుకున్నదానికన్నా ఎక్కువే. ఊడిపోయిన 4.8 మిల్లీమీటర్ల రివెట్ బెజ్జం నీటి మట్టానికి 15 సెంటీమీటర్ల కింద ఉంటే, దాని గుండా నిమిషానికి లీటరుకు కొంచెం పైగా, అంటే గంటకు 65 లీటర్లకు పైగా నీరు లోపలికి వస్తుంది. అలాంటివి నాలుగు ఉంటే గంటలో పావు టన్నుకు పైగా బరువు చేరుతుంది. అలాగని వదులుగా ఉండి చెమర్చే రివెట్‌కూ పూర్తిగా ఊడిన రివెట్‌కూ పోలిక లేదు. మొదటిది రోజంతా కలిపి ఒక చెంబెడు నీరు ఇస్తుందేమో. కానీ చెమర్చే రివెట్ ఊడిపోయే దారిలో ఉన్న రివెట్ అని మరిచిపోకూడదు.

సాధారణంగా ఎక్కడెక్కడ కారుతుంది?

రివెట్లతో కట్టిన పడవ అయితే అతుకుల్లో ముందుగా చూడవలసింది అడుగు మధ్యలో పొడవునా వెళ్లే వెన్నుపట్టీ, అంటే కీల్. ఒడ్డుకు లాగినప్పుడల్లా రాపిడి దానికే తగులుతుంది. ట్రెయిలర్ రోలర్ల మీద బరువు మోసేది కూడా అదే. ఆ తరువాతి స్థానం అడ్డంగా ఉండే పక్కటెముకలది. అలల దెబ్బకు రేకు వంగుతుంది, పక్కటెముక వంగదు, ఈ తేడా అంతా వాటిని కలిపే రివెట్ల మీద పడుతుంది. పక్కటెముక చివర ముగిసే చోట రేకులో సన్నని పగుళ్లు పుట్టడానికి కూడా ఇదే కారణం.

మూడవది వెనుక భాగం. మోటారు బరువూ, దాని తోపూ మోసే ట్రాన్సమ్ పలక అడుగు రేకుతో కలిసే మూలల్లో అతుకులు విడుతుంటాయి. పైగా పాత యజమానులు సోనార్ పరికరాలకూ పంపులకూ నిచ్చెనలకూ వేసి, పీకి, వదిలేసిన స్క్రూ బెజ్జాలన్నీ అక్కడే ఉంటాయి. నీటిని బయటికి వదిలే డ్రెయిన్ గొట్టాన్నీ, దాని బిరడానూ మాత్రం అన్నిటికన్నా ముందే చూడండి. బిరడా రబ్బరు ఎండి పగలడం, గొట్టం అంచు చిట్లడం చాలా మామూలు సంగతి, దాని మరమ్మతు కూడా చాలా తేలిక. అడుగు రివెట్లన్నీ తీసి వేసినా ఆగని నీరు, కొత్త బిరడాతో ఆగిన పడవలు ఉన్నాయి.

వెల్డింగ్‌తో కట్టిన పడవలో ఇన్ని చోట్లు ఉండవు. అక్కడ వెల్డింగ్ గీత పక్కనే, వేడికి మెత్తబడిన సన్నని పట్టీ వెంట పగుళ్లు వస్తాయి. వెల్డింగ్ మొదలైన చోటూ ముగిసిన చోటూ ప్రత్యేకంగా చూడాలి.

కారే చోటును కచ్చితంగా కనిపెట్టడం ఎలా?

పడవను నీటి నుంచి తీసి, నీటిని పడవలో పోయడమే అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. నీటి మీద ఉన్నప్పుడు అడుగు రేకుకు బయటి నుంచి నీరే ఆసరా ఇస్తుంది. నేల మీద ఆ ఆసరా ఉండదు. 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న చదునైన అడుగు మీద 10 సెంటీమీటర్ల ఎత్తున నీరు నిలిపితే 360 కిలోల బరువు అవుతుంది. రెండు రోలర్ల మీద నిలబెట్టిన పాత పడవలో అంత నీరు పోస్తే ఉన్న కారుడుకు కొత్త కారుడు తోడవుతుంది. కాబట్టి వెన్ను కిందా పక్కటెముకల కిందా చెక్క దిమ్మెలు పెట్టి, 5 సెంటీమీటర్లతో మొదలుపెట్టి, అవసరమైతేనే ఇంకొంచెం పెంచండి. పక్క గోడల పై భాగాన్ని పరీక్షించాలంటే నీటి మట్టం పెంచే బదులు, సన్నని గొట్టంతో లోపలి వైపు నుంచి వరుసగా తడుపుతూ వెళ్లడం మేలు.

నీరు పోయడానికి ముందే బయటి వైపు పూర్తిగా ఆరనిచ్చి, రివెట్ల వరుసల మీదా అతుకుల మీదా సుద్దపొడి పలుచగా చల్లుకోండి. చెమ్మ తగిలిన చోట పొడి వెంటనే నల్లబడుతుంది, చుక్కగా రాలనంత సన్నని కారుడు కూడా దొరికిపోతుంది. నీరు రేకు వెంట జారి దూరంగా చుక్క కడుతుంది గనుక, చుక్క పడే చోటును కాకుండా తడి మొదలైన అన్నిటికన్నా ఎత్తైన చోటును గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టడానికి ఫెల్ట్ మార్కర్ వాడండి, పెన్సిల్ వద్దు. పెన్సిల్‌లోని గ్రాఫైట్ తడిలో అల్యూమినియంను తినేస్తుంది. విమానాల రేకు మీద పెన్సిల్ గీతలు గీయనివ్వకపోవడానికి కారణం ఇదే.

నీళ్లు ఉన్నంతసేపూ రబ్బరు సుత్తితో అడుగున మెల్లగా తడుతూ ఉండండి. నిలకడగా ఉన్నప్పుడు పొడిగా ఉండి, తట్టినప్పుడు మాత్రమే చెమర్చే రివెట్లు అప్పుడే బయటపడతాయి. ఒక గంట అయ్యాక మరొకసారి చుట్టూ తిరిగి చూడాలి, ఎందుకంటే సన్నని అతుకుల్లోకి నీరు ఊరడానికి సమయం పడుతుంది.

నీరు పోయకుండానే వదులు రివెట్‌ను గుర్తుపట్టవచ్చా?

చాలావరకు గుర్తుపట్టవచ్చు. కదులుతున్న రివెట్ తల చుట్టూ బూడిద రంగు నుంచి నలుపు వరకు ఉండే మసి వలయం ఏర్పడుతుంది. రివెట్, రేకు ఒకదానినొకటి రాసుకున్నప్పుడు రాలే లోహపు పొడి అది. పడవ నడిచే దిశకు వెనుక వైపుగా ఆ మసి తోకలా సాగి ఉంటుంది. అనుమానం ఉన్న రివెట్ తల మీద ఒక వేలు ఆనించి, లోపలి వైపు నుంచి మరొకరిని చిన్న సుత్తితో తట్టమనండి. బిగువుగా ఉన్న రివెట్ దగ్గర రేకు మొత్తం కలిసి అదురుతుంది, వదులు రివెట్ అయితే వేలి కింద తల ఒక్కటే విడిగా కదులుతుంది. ఆ తేడా ఒకసారి వేలికి తెలిసిందంటే మళ్లీ మరిచిపోలేరు.

వదులైన రివెట్‌ను బిగిస్తే సరిపోతుందా, మార్చాలా?

తల అరగకుండా, బెజ్జం సాగకుండా ఉంటే బిగించడమే మొదటి ప్రయత్నం కావాలి. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బయటి వైపు తల మీద బరువైన ఉక్కు దిమ్మెను గట్టిగా ఆనించి పట్టుకుంటే, రెండవవారు లోపలి వైపున ఉన్న రెండవ తలను సుత్తితో రెండు మూడు దెబ్బలు వేయాలి. దిమ్మె కనీసం 1 కిలో బరువు ఉండాలి, దాని ముఖం రివెట్ తల ఆకారానికి సరిపోయేలా గుంటగా ఉంటే ఇంకా మంచిది. కమ్మరి దాగలి చేసే పనే ఈ దిమ్మె ఇక్కడ చేస్తుంది. దిమ్మె కొంచెం జారినా దెబ్బ రేకుకు తగిలి సొట్ట పడుతుంది గనుక, దెబ్బ వేసేవారికన్నా దిమ్మె పట్టేవారి ఓపిక ముఖ్యం.

తక్కువ దెబ్బలతో, బలంగా పని ముగించాలి. చిన్న చిన్న దెబ్బలు ఎక్కువ వేసే కొద్దీ అల్యూమినియం గట్టిపడి పెళుసెక్కుతుంది, తల అంచున చిట్లుతుంది. రెండు మూడు దెబ్బలకు బిగియకపోతే ఆ రివెట్‌ను వదిలిపెట్టి కొత్తది వేయడమే మంచిది. బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో సాగినా, తల సగానికి అరిగినా, చుట్టూ తెల్లని పొడి పొంగినా బిగింపుతో కాలం వృథా చేయవద్దు.

కొత్త రివెట్ ఎలా వేయాలి? కొలతలు ఎంత?

పాత రివెట్ తల మధ్యలో ముందు సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టుకుని, రివెట్ కాడకన్నా కొంచెం సన్నని డ్రిల్ బిట్‌తో తల మందం వరకు మాత్రమే తొలచండి. అంతకన్నా లోతుకు పోతే రేకు బెజ్జం పాడవుతుంది. తరువాత ఉలితో తలను పక్కకు తీసి, మిగిలిన కాడను సన్నని పంచ్‌తో బయటికి కొట్టాలి. బెజ్జం గుండ్రంగా ఉంటే అదే సైజు రివెట్, సాగి ఉంటే తరువాతి సైజు రివెట్ వేయాలి. చిన్న పడవల్లో 4.0, 4.8, 6.4 మిల్లీమీటర్ల వ్యాసాలు ఎక్కువగా కనిపిస్తాయి. కొత్త బెజ్జం రివెట్ వ్యాసానికన్నా 0.1 మిల్లీమీటరు మాత్రమే పెద్దదిగా ఉండాలి.

పొడవు లెక్క చాలా సులువు. కలిసే రేకుల మొత్తం మందానికి, రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు కలపాలి. 2 మిల్లీమీటర్ల రేకులు రెండు, 4.8 మిల్లీమీటర్ల రివెట్ అయితే 4, 7 కలిపి 11 మిల్లీమీటర్ల కాడ సరిపోతుంది. కొట్టిన తరువాత ఏర్పడే కొత్త తల వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు వ్యాసంలో సగం ఉంటే బిగింపు సరిగా ఉన్నట్టు. అంతకన్నా చదునైతే ఎక్కువ కొట్టారు, అంతకన్నా ఎత్తుగా ఉంటే ఇంకా బిగియలేదు.

కొట్టే ముందు కాడకూ తల అడుగుకూ పాలీయురేథేన్ సీలెంట్ పూసి, అది తడిగా ఉండగానే కొట్టాలి. రేకుల మధ్య ఇనుప తురుము గానీ డ్రిల్ పొట్టు గానీ చిక్కుకోకుండా ముందే ఊది తుడవడం మరవకండి. ఆ పొట్టు రేకులను పూర్తిగా కలవనివ్వదు. రివెట్ లోహం కూడా రేకు లోహానికి దగ్గరిదై ఉండాలి. పడవల అడుగు రేకుగా తరచుగా కనిపించే 5052 మిశ్రమానికి మెగ్నీషియం కలిసిన 5000 శ్రేణి రివెట్లు చక్కగా సరిపోతాయి. ఉక్కు, రాగి, ఇత్తడి రివెట్లను అడుగున ఎప్పుడూ వాడకూడదు.

చేతి పరికరంతో వేసే పాప్ రివెట్లు పనికివస్తాయా?

మామూలు పాప్ రివెట్ నీటి గీత కింద పనికిరాదు. దాని మధ్యలో మేకు విరిగిన తరువాత మిగిలే గొట్టంలాంటి సందు గుండా నీరు నేరుగా లోపలికి వస్తుంది. చివర మూసి ఉండే రకాన్ని మాత్రం, లోపలి వైపుకు చేయి వెళ్లని చోట, సీలెంట్‌తో కలిపి వాడవచ్చు. మేకు కూడా అల్యూమినియందే అయి ఉండాలి, ఉక్కు మేకు ఉన్నది తీసుకుంటే తుప్పు అక్కడే మొదలవుతుంది. అయినా రెండు వైపులా అందే చోట గట్టి రివెట్‌నే వేయండి. సీట్ల కింద నురుగు తీయడానికి బద్ధకించి వరుసంతా పాప్ రివెట్లతో నింపడం నాకు సమ్మతం కాదు.

ఏ సీలెంట్ వాడాలి? సిలికాన్ వాడవచ్చా?

సిలికాన్ వద్దు. ఘాటైన వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది అల్యూమినియంకు హాని చేస్తుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది, సిలికాన్ ఒకసారి పూసిన చోట తరువాత రంగు గానీ ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) గానీ సరిగా అంటుకోదు. తారు, కార్ల అడుగున కొట్టే నల్ల పూత కూడా అంతే. తరువాత మరమ్మతు చేసేవారు వాటిని గీకి తీయడానికే అసలు పనికన్నా ఎక్కువ శ్రమపడవలసి వస్తుంది.

రెండు రేకుల మధ్య, రివెట్ కాడ చుట్టూ, అమరికల కింద వాడడానికి పడవల కోసం తయారైన పాలీయురేథేన్ సీలెంట్లు సరైనవి. 3ఎం 5200, సికాఫ్లెక్స్ 291 ఈ తరహావి. 5200 మామూలు రకం పైపైన ఆరడానికే 48 గంటలు, పూర్తిగా గట్టిపడడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది. ఇది గాలిలోని తేమతో గట్టిపడుతుంది గనుక పొడి వాతావరణంలో ఇంకా ఆలస్యం కావచ్చు. దానిని తరువాత ఊడదీయడం చాలా కష్టం కాబట్టి, మున్ముందు విప్పవలసిన పంపులకూ సోనార్ పరికరాలకూ దానికి బదులు తక్కువ అంటు బలం ఉన్న 4200 లాంటిది వాడడం తెలివైన పని.

రివెట్ల వరుసల మీదా అతుకుల మీదా పూతగా పూయడానికి, ఆరాక కూడా కొంత సాగే గుణం ఉన్న ఎపాక్సీ కావాలి. గ్లూవిట్ పేరుతో దొరికేది ఈ పని కోసమే తయారైంది. రాయిలా గట్టిపడే లోహపు ఎపాక్సీ కదలిక లేని చోట సన్న బెజ్జాలు పూడ్చడానికి బాగుంటుంది గానీ, వంగే రేకు మీద కొంత కాలానికి బీటలిస్తుంది. డబ్బాలో వచ్చే రబ్బరు స్ప్రే పూతలను బయటి అడుగు మీద కొట్టడం దండగ. ట్రెయిలర్ పలకల మీదికి నాలుగుసార్లు ఎక్కించి దింపేసరికి అవి పొరలుగా లేస్తాయి.

పూత లోపలి వైపు వేయాలా, బయటి వైపా?

నీరు బయటి నుంచి తోస్తుంది కాబట్టి లోపలి పూత లేచిపోతుందని చాలామంది అంటారు. లెక్క వేసి చూస్తే 15 సెంటీమీటర్ల లోతున నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 15 గ్రాముల బరువుకు సమానం. సరిగా అంటుకున్న పూతకు అది ఏ మూలకూ రాదు. పూతలను చెడగొట్టేవి రేకు కదలిక, సరిగా శుభ్రం చేయకపోవడం, ఒడ్డున రాపిడి అనే మూడే. చివరిది బయటి వైపున మాత్రమే ఉంటుంది. అందుకే రివెట్ల వరుసల మీది సాగే ఎపాక్సీ పూతను లోపలి వైపునే వేయమని నా సలహా. విడి బెజ్జాలూ పగుళ్ల మీది మాట్లూ అయితే రెండు వైపులా మూయడం మంచిది, లేకపోతే బయటి సందులో నిలిచిన నీరు లోపలే ఉండి లోహాన్ని తింటుంది.

పూతకు ముందు రేకును ఎలా సిద్ధం చేయాలి?

ఈ పనికి పట్టే సమయం పూతకు పట్టే సమయానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, అలాగే ఉండాలి కూడా. తాజాగా గీకిన అల్యూమినియం మీద గాలి తగిలిన క్షణాల్లోనే ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. తొలినాళ్లలో పలుచగా గట్టిగా ఉండే ఈ పొర, ఏళ్ల తరబడి తడిలో నానిన పడవలో మందంగా, వదులుగా, పొడిపొడిగా మారి ఉంటుంది. ఎపాక్సీ ఆ పొడికి అంటుకుంటుంది గానీ లోహానికి అంటుకోదు.

ముందు సబ్బు నీటితో, తరువాత అసిటోన్ తడిపిన గుడ్డతో జిడ్డు తీయాలి. జిడ్డు ఉండగానే ఉప్పుకాగితం పెడితే ఆ జిడ్డు గీతల్లోకి ఇంకిపోతుంది. ఆ తరువాత 80 నంబరు ఉప్పుకాగితంతో మెరిసే లోహం వచ్చేదాకా రుద్దాలి. రివెట్ తలల అంచుల్లోకి స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్ వాడండి. మామూలు ఇనుప బ్రష్ తంతువులు రేకులో గుచ్చుకుని మిగిలిపోయి, తరువాత అక్కడే గుంటలు పెడతాయి. మళ్లీ శుభ్రమైన గుడ్డతో అసిటోన్ తుడుపు, గుడ్డను తరచుగా మార్చాలి.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి ఒక గుక్కెడు నీళ్లు చల్లి చూడండి. నీరు తెగకుండా పలుచని పొరగా పరుచుకుంటే లోహం శుభ్రంగా ఉన్నట్టు, ముత్యాల్లా ముడుచుకుంటే జిడ్డు ఇంకా ఉన్నట్టు. తరువాత పూర్తిగా ఆరబెట్టి, కొత్త ఆక్సైడ్ పెరిగే వ్యవధి ఇవ్వకుండా గంటలోపే ఎపాక్సీ పూయాలి. మొదటి పలుచని పూత పూసి, అది తడిగా ఉండగానే దాని మీదే ఉప్పుకాగితంతో రుద్దే పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే కొత్తగా తేలిన లోహానికి గాలి బదులు ఎపాక్సీయే ముందు తగులుతుంది. పూతను పోసే ముందు ఆ చోటును హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేస్తే అది పలుచబడి అతుకు సందుల్లోకి దిగుతుంది.

రేకులో పగులు ఉంటే ఏం చేయాలి?

పగులు మీద పూత వేసి ఊరుకోకూడదు. పగులు రెండు చివరలా సుమారు 3 మిల్లీమీటర్ల గుండ్రని బెజ్జం వేస్తే, చివర పదునుగా కేంద్రీకరించిన ఒత్తిడి ఆ గుండ్రని అంచు చుట్టూ పంచుకుని, పగులు ముందుకు సాగడం ఆగుతుంది. పగులు కంటికి కనిపించే చివరకన్నా కొంచెం ముందుకు పోయి ఉంటుంది గనుక, రంగు ద్రావకం పూసి తుడిచి, అసలు చివర ఎక్కడుందో చూసుకున్నాకే బెజ్జం వేయండి.

ఆపైన అదే మిశ్రమం, అదే మందం ఉన్న రేకుతో మాటు వేయాలి. మాటు పగులును అన్ని వైపులా కనీసం 30 మిల్లీమీటర్లు దాటి ఉండాలి, దాని మూలలు గుండ్రంగా ఉండాలి. రివెట్ బెజ్జం మధ్య నుంచి రేకు అంచుకు వ్యాసానికి రెండు రెట్ల దూరం తగ్గకూడదు. నీరు పట్టని అతుకు కావాలంటే రివెట్ల మధ్య దూరం వ్యాసానికి నాలుగైదు రెట్లకు మించకుండా చూసుకోండి. మాటు కింద సీలెంట్‌ను అంతటా పరిచి, అన్ని వైపులా కొద్దిగా పొంగివచ్చేలా బిగించాలి. పొంగని చోట ఖాళీ ఉన్నట్టే.

పక్కటెముక చివర పుట్టిన పగులుకు మాటు మాత్రమే చాలదు. అక్కడ రేకు ఎందుకు అంతగా వంగుతోందో చూడాలి. పక్కటెముకే విరిగి ఉండవచ్చు, సీటు ఊడి ఉండవచ్చు, ట్రెయిలర్ రోలరు సరిగ్గా ఆ చోటే నొక్కుతుండవచ్చు. ఆ కారణం అలాగే ఉంటే మాటు పక్కన మరో పగులు వస్తుంది.

వెల్డింగ్ చేయిస్తే శాశ్వతంగా పోదా?

వెల్డింగ్‌తో కట్టిన పడవకు వెల్డింగే సరైన మరమ్మతు. రివెట్ల పడవకు మాత్రం ఆచితూచి ఒప్పుకోవాలి. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర కరగడానికి 2,000 డిగ్రీలు దాటాలి. అందుకే ఏసీ కరెంటుతో, ఆర్గాన్ వాయువు రక్షణలో చేసే టిగ్ వెల్డింగ్, దానికి అలవాటుపడిన చేయి కావాలి. రివెట్ల అతుకులో ఇరుక్కున్న నీరు, పాత సీలెంట్, జిడ్డు ఆ వేడికి మరిగి వెల్డింగ్‌ను బుడగలమయం చేస్తాయి. వేడి పాకి పక్క రివెట్లు వదులవుతాయి. వెల్డింగ్ చుట్టూ రేకు మెత్తబడుతుంది కూడా. ఒక రివెట్‌ను వెల్డ్ చేయించి, దాని పక్కన ఉన్న ఆరు రివెట్లను వదులు చేసుకోవడం లాభమైన బేరం కాదు. అతుకులకు దూరంగా, చదునైన రేకులో ఉన్న పగులుకైతే మంచి పనివాడితో వెల్డింగ్ చేయించవచ్చు. అప్పుడు 5356 పూరక తీగ ఈ మిశ్రమాలకు అలవాటైన ఎంపిక.

గ్యాస్ బర్నర్‌తో కరిగించి పూడ్చే జింకు కలిసిన కడ్డీల గురించి కూడా అడుగుతుంటారు. అవి 380, 390 డిగ్రీల దగ్గర కరుగుతాయి. కడ్డీని మంటలో కరిగించడం కాదు, రేకే అంత వేడెక్కి కడ్డీని కరిగించాలి. పలుచని పెద్ద రేకు ఆ వేడిని చుట్టూ లాగేసుకుంటుంది, ఈలోగా చుట్టుపక్కల సీలెంట్ మాడిపోతుంది. విడిగా, శుభ్రంగా, ఒత్తిడి లేని చోట ఉన్న సన్న బెజ్జానికి తప్ప దానిని వాడకపోవడమే మంచిది.

రేకులో గుంటలూ తెల్లని పొడీ ఎందుకు వస్తాయి?

తడిలో అల్యూమినియంకు మరో లోహం తగిలినప్పుడు రెండింటి మధ్య సన్నని విద్యుత్ ప్రవాహం మొదలై, అల్యూమినియం కరిగిపోతుంది. అడుగున పడి తడిలో ఉండిపోయిన రాగి నాణెం, సీసపు గుండు, ఉక్కు గాలం కొంత కాలానికి తమ కిందే గుంట పెడతాయి. రాగి లవణాలతో శుద్ధి చేసిన ప్లైవుడ్‌ను నేలగా పరచడం కూడా అంతే హాని. ఆరకుండా తడిగా ఉండే తివాచీ, నీరు పీల్చిన నురుగు రేకును ఊపిరాడనివ్వకుండా నానబెట్టి లోపలి నుంచి తొలుస్తాయి.

అనుమానం ఉన్న గుంటను సన్నని సూదిమొనతో గుచ్చి చూడండి. మొన దిగబడితే అది గుంట కాదు, ఇంకా తెరుచుకోని బెజ్జం. పొడి అంతా తీసి, గట్టి లోహం వచ్చేదాకా గీకి, ఎపాక్సీతో పూడ్చాలి. గుంటలు దగ్గరదగ్గరగా ఉంటే ఒక్కొక్కదానిని పూడ్చే బదులు ఆ భాగమంతటికీ మాటు వేయడమే మేలు. శుభ్రం చేయడానికి కాస్టిక్ సోడా లాంటి బలమైన క్షారాలను దగ్గరకు రానీయకండి, అవి మురికితో పాటు రేకునూ కరిగిస్తాయి.

స్టెయిన్‌లెస్ స్క్రూలు తప్పనిసరైతే వాటి కింద ప్లాస్టిక్ వాషరు, స్క్రూ మరల చుట్టూ రెండు లోహాలు నేరుగా తగలకుండా ఆపే పేస్టు ఉండాలి. ఉప్పు నీటిలో తిరిగే పడవకు జింకు లేదా అల్యూమినియం ఆనోడ్లు (రేకుకు బదులు తామే కరిగిపోయే లోహపు ముక్కలు), మంచి నీటిలో తిరిగేదానికి మెగ్నీషియం ఆనోడ్లు అమర్చుకోవచ్చు. ఆనోడ్ల మీద రంగు వేస్తే అవి పనిచేయవు.

ట్రాన్సమ్ చెక్క మెత్తబడితే అది కారుడుకు కారణమవుతుందా?

అవుతుంది. చెక్క పుచ్చిపోతే మోటారు తోపుకు ట్రాన్సమ్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ఆ ఊపుకు మూలల రివెట్లు వదులవుతాయి. మోటారును పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఊపి చూస్తే రేకు వంగడం కనిపిస్తుంది. కొత్త చెక్కకు రాగి రసాయనాలు లేని మెరైన్ ప్లైవుడ్ తీసుకుని, బోల్టు బెజ్జాల లోపలి గోడలతో సహా అన్ని వైపులా ఎపాక్సీ పట్టించాకే బిగించండి.

సీట్ల కింది నురుగు తడిసిపోయింది. తీసి పారేయవచ్చా?

తీయవచ్చు, తీసిన చోట కొత్తది పెట్టకుండా మాత్రం ఉండకూడదు. పడవ పూర్తిగా నీటితో నిండినా మునగకుండా నిలిపేది ఆ నురుగే. తడి నురుగు అనవసరపు బరువు మోయిస్తుంది, తేలే శక్తిని తగ్గిస్తుంది, రేకును తింటుంది. దాని చోట నీరు పీల్చని, క్లోజ్డ్-సెల్ రకం కొత్త నురుగు పలకలను కోసి, కింద నీరు పారడానికి సందు ఉండేలా అమర్చండి. పాలీస్టైరిన్ నురుగు పెట్రోలు తగిలితే కరిగిపోతుంది కాబట్టి ఇంధనపు ట్యాంకు దగ్గర దానిని పెట్టకూడదు.

మరమ్మతు తరువాత రంగు వేయాలా?

కారుడు ఆపడానికి రంగు అవసరం లేదు. వేయదలిస్తే మాత్రం అల్యూమినియంకు అంటుకునే ఎచింగ్ ప్రైమర్ లేదా ఎపాక్సీ ప్రైమర్ ముందుగా వేయాలి. అడుగున నాచు పట్టకుండా వేసే రంగుల్లో రాగి కలిసినవి చాలా ఉంటాయి, వాటిని అల్యూమినియం పడవకు వాడనేకూడదు. డబ్బా మీద అల్యూమినియంకు పనికివస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి.

నీటి మీద ఉండగా హఠాత్తుగా కారితే ఏం చేయాలి?

ముందు అందరికీ లైఫ్ జాకెట్లు, తరువాత ఒడ్డు వైపు ప్రయాణం, ఆ తరువాతే మరమ్మతు. ఊడిన రివెట్ బెజ్జంలో మెత్తని చెక్క మేకును దిగగొడితే అది నీటికి ఉబ్బి బిగుసుకుంటుంది. నీటిలోనే గట్టిపడే ఎపాక్సీ ముద్దను చేతితో పిసికి నొక్కవచ్చు, పగులు మీద బ్యూటైల్ టేపు అతికించి పైన పలకను ఆనించి పట్టవచ్చు. రబ్బరు వాషరుతో ఒక చిన్న బోల్టు, నట్టు సామాను పెట్టెలో ఉంచుకుంటే అన్నిటికన్నా నమ్మకంగా పనిచేస్తాయి. నీరు తోడడానికి పాత్రను పంపు ఉన్నా సరే దగ్గర ఉంచుకోండి.

పని చేసేటప్పుడు ఏ జాగ్రత్తలు అవసరం?

పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా రుద్దకుండా తడి పద్ధతిలో రుద్దండి, మాస్కు ధరించండి. పాలీయురేథేన్ సీలెంట్లలోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకూ చర్మానికీ పడవు, చేతి తొడుగులూ గాలి ఆడే చోటూ తప్పనిసరి. సన్నని అల్యూమినియం పొడి గాలిలో లేస్తే మంటకు పేలగలదు. ఇనుము రుద్దిన గ్రైండర్‌తోనే అల్యూమినియంను రుద్దకూడదు, తుప్పు పొడి అల్యూమినియం పొడితో కలిస్తే తీవ్రంగా మండే మిశ్రమం అవుతుంది. నిప్పుతో చేసే ఏ పనికైనా ముందు ఇంధనపు ట్యాంకునూ గొట్టాలనూ నురుగునూ పడవ నుంచి బయటికి తీయాలి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకుకన్నా ప్రమాదకరం.

ఏ దశలో మరమ్మతు మానుకోవాలి?

పక్కటెముకలు సగానికి పైగా విరిగినా, రివెట్ బెజ్జాలు వరుసలు వరుసలుగా సాగిపోయినా, అడుగు రేకు చాలా చోట్ల సగం మందానికి తగ్గినా పెట్టే శ్రమకు తగిన ఫలితం ఉండదు. వెన్ను నిటారుగా ఉందో లేదో తెలుసుకోవడానికి ముందు నుంచి వెనుకకు ఒక దారం బిగించి చూడండి. అడుగు పొడవునా ఒకవైపుకు వంగి ఉంటే పడవ ఎప్పుడో బలంగా దెబ్బతిన్నదని అర్థం, అలాంటి పడవలో ఒకచోట మూస్తే మరోచోట తెరుచుకుంటుంది. దానిని తుక్కుకు ఇచ్చే ముందు నురుగు, చెక్క, ఉక్కు బోల్టులు, ఇత్తడి గొట్టాలు విడదీసి ఇవ్వండి, ఏ కల్తీ లేని అల్యూమినియంకే మంచి ధర పలుకుతుంది.